‘టీమ్‌కు సెట్ కాడు’ అని రాసే ముందు: ఇంటర్వ్యూ ప్యానెళ్లలో కూర్చునేవారికి బహిరంగ లేఖ

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో మేనేజీరియల్ రౌండ్ తీసుకునే మేనేజర్లకు, టీమ్ లీడ్‌లకు, పక్కన కూర్చుని ఫీడ్‌బ్యాక్ ఫారం నింపే హెచ్‌ఆర్ వారికి,

నమస్కారం.

ఎల్1, ఎల్2 అనే టెక్నికల్ రౌండ్ల మీద నాకు పెద్ద ఫిర్యాదులేమీ లేవు. కోడ్ రాయిస్తాం, డిజైన్ గీయిస్తాం, వచ్చో రాదో చాలావరకు తెలిసిపోతుంది. నా గొడవంతా ఆ తర్వాతి రౌండ్ గురించే. దాన్ని కొందరు టీమ్ ఫిట్ అంటారు, కొందరు కల్చర్ రౌండ్ అంటారు, కొన్నిచోట్ల ‘జస్ట్ క్యాజువల్ చాట్ అండీ’ అని పిలిచి కూర్చోబెడతారు. టెక్నికల్‌గా గట్టెక్కినవారి తలరాత తేలేది అక్కడే. తీరా ప్యానెల్ అంతా కలిసి నిర్ణయం తేల్చే డిబ్రీఫ్ కాల్‌లో మన నోటి నుంచి వచ్చేవి ఈ మాటలు: “బాగానే ఉన్నాడు గానీ, ఎందుకో సెట్ కాడనిపిస్తోంది.” “అమ్మాయి కాస్త రిజర్వ్‌డ్.” “వైబ్ కుదర్లేదు.” ఎందుకు కుదర్లేదని ఎవరూ అడగరు. అడిగినా చూపించడానికి నోట్స్‌లో ఏమీ ఉండదు.

నేనూ అదే కుర్చీలో కూర్చునే మనిషిని. కాబట్టి దీన్ని ఉద్యోగం రానివాడి అక్కసుగా కొట్టిపారేయకండి.

ఆ రౌండ్ ఎత్తేయమని నేను అనడం లేదు. అన్నిటికన్నా అదే ముఖ్యమని నా అభిప్రాయం. ఈ మనిషి వచ్చి పక్క సీట్లో కూర్చుంటే ఇప్పుడున్న ఆరేడుగురి పని ఎలా మారుతుంది? అక్కడ తేలాల్సిన విషయం ఇదొక్కటే. మనం తేల్చుకుని వస్తున్నది మాత్రం ఈ మనిషి మనకు నచ్చాడా లేదా అని. అచ్చం పెళ్లిచూపుల్లాగే. కాఫీ తాగి, నాలుగు మాటలు మాట్లాడి, ‘కలుపుగోలుగా ఉన్నాడు’ అని తేల్చేసి లేచి వచ్చేస్తున్నాం.

తా చెడ్డ కోతి వనమెల్లా చెరిచిందని మనవాళ్లు ఊరికే అనలేదు. దానికి లెక్కలు కట్టినవాళ్లు కూడా ఉన్నారు. 2015లో మైకేల్ హౌస్‌మన్, డిలన్ మైనర్ అనే ఇద్దరు పరిశోధకులు హార్వర్డ్ బిజినెస్ స్కూల్ తరఫున ఒక పత్రం వెలువరించారు. 11 కంపెనీల్లో 50,000 మందికి పైగా ఉద్యోగుల వివరాలు తీసుకుని, వేధింపులు, మోసాల్లాంటి కారణాలతో ఉద్యోగం పోగొట్టుకున్నవారి మీద దృష్టి పెట్టారు. పనితనంలో పైనుంచి ఒక శాతంలో ఉండే మొనగాణ్ని తెచ్చుకుంటే కంపెనీకి మిగిలేది సుమారు 5,300 డాలర్లట. అలాంటి చెడ్డ ఉద్యోగిని ఒక్కణ్ని రాకుండా ఆపితే మిగిలేది సుమారు 12,500 డాలర్లు. అంటే రెట్టింపు కంటే ఎక్కువ. మనం మాత్రం ఇంటర్వ్యూ సమయమంతా మొనగాణ్ని వెతకడానికే పెడతాం.

అదే పత్రంలో ఇంకో రెండు సంగతులున్నాయి. ఈ చెడ్డ ఉద్యోగులు పని ఎగ్గొట్టే బాపతు కాదు, మిగతావాళ్ల కంటే ఎక్కువ పని దించేస్తారు. అందుకే వాళ్లను ఎవరూ తొందరగా కదిలించరు. రెండోది నాకు భలే నచ్చింది. ఉద్యోగంలో చేరేటప్పుడు పెట్టిన పరీక్షలో ‘నిబంధనలు ఎప్పుడూ పాటించి తీరాలి’ అని చెప్పినవాళ్లే, తర్వాత నిబంధనలు మీరి ఇంటికి వెళ్లే అవకాశం ఎక్కువని తేలింది. ‘మీరు టీమ్ ప్లేయరేనా?’ అని అడిగి, ‘అవును సార్’ అనగానే టిక్కు పెట్టేవాళ్లు ఇది రెండుసార్లు చదవాలి.

పని బాగా దించే మనిషి టీమ్‌ను ఎలా చెడగొడతాడో ఒకచోట దగ్గర్నుంచి చూశాను. కంపెనీ పేరు అనవసరం. వచ్చినాయన గట్టివాడు, ఆయన కోడ్‌లో తప్పు వెతకడం కష్టం. కానీ జూనియర్లు పంపిన కోడ్‌ను సరిచూసి ఆయన పెట్టే రివ్యూ కామెంట్లు ఇలా ఉండేవి: ‘దీన్ని అసలు రన్ చేసి చూశారా?’ ‘ఇది కాలేజీలో చెప్పలేదా?’ ఎక్కడా బూతు లేదు, హెచ్‌ఆర్‌కు వెళ్లేంత మాట లేదు. కొన్నాళ్లకు టీమ్ చానెల్‌లో డౌట్లు అడగడం ఆగిపోయింది. పిల్లలు సొంతంగా ఒక వాట్సాప్ గ్రూపు పెట్టుకుని, ఒకరికి తెలియనిది ఇంకో తెలియనివాణ్ని అడుగుతున్నారు. ఆయన లీవులో ఉన్నరోజు చూసుకుని కోడ్ రివ్యూకు పెడుతున్నారు. రిపోర్టుల్లో మాత్రం రివ్యూ టైమ్ తగ్గింది. వాదించేవాడు లేకపోతే తగ్గదా మరి? చివరికి కోడ్‌లోని ఒక తప్పు, అదే బగ్, ప్రొడక్షన్‌కు, అంటే కస్టమర్లు వాడే సిస్టమ్‌లోకి వెళ్లి రాత్రంతా అందర్నీ నిలబెట్టింది. అది ఉందని ఇద్దరికి ముందే తెలుసు. చెబితే ఏమంటాడోనన్న టెన్షన్‌తో ఇద్దరూ ఊరుకున్నారు.

ఆయన ఇంటర్వ్యూ ఫీడ్‌బ్యాక్ తర్వాత నా కంటపడింది. ‘వెరీ షార్ప్. కాన్ఫిడెంట్. గుడ్ కల్చర్ ఫిట్.’ అంతే. ఆయన కింద పనిచేసి నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఒక్కరైనా అడిగినట్టు అందులో లేదు.

‘మాకు పదిహేనేళ్ల అనుభవం ఉంది, మనిషిని చూస్తే చెప్పేస్తాం’ అనే పెద్దలు ఇక్కడే అడ్డు తగులుతారు. వాళ్ల కోసం ఒక ప్రయోగం సంగతి చెప్పాలి. 2013లో జేసన్ డానా అనే పరిశోధకుడు, ఆయన సహచరులు కొందరు విద్యార్థుల చేత మరికొందరు విద్యార్థులను ఇంటర్వ్యూ చేయించారు. మాట్లాడాక అవతలివారికి ఎన్ని మార్కులు వస్తాయో అంచనా కట్టాలి. కొన్ని ఇంటర్వ్యూల్లో జవాబు చెప్పేవాళ్లకు రహస్యంగా ఒక నియమం ఇచ్చారు. దాని ప్రకారం ప్రశ్నకు అర్థంతో పనిలేకుండా అడ్డదిడ్డంగా అవునని, కాదని చెప్పాలి. ఆ తేడా ఇంటర్వ్యూ చేసినవాళ్లు పసిగట్టలేదు. నిజం చెప్పినవారితో మాట్లాడినవాళ్లకు ఎంత నమ్మకం కలిగిందో, అడ్డదిడ్డం జవాబులు విన్నవాళ్లకూ ‘ఈ మనిషి నాకు అర్థమయ్యాడు’ అన్న నమ్మకం అంతే కలిగింది. పైగా పాత మార్కులు మాత్రమే చూసి వేసిన అంచనాలే, ఇంటర్వ్యూ చేసి వేసినవాటికన్నా నిజానికి దగ్గరగా వచ్చాయి. మాట్లాడిన కొద్దీ మనసు కథ అల్లుకుంటుంది, ఆ కథనే మనం అనుభవం అనుకుంటాం.

ఇంటర్వ్యూలన్నీ దండగ అని మాత్రం దీని అర్థం కాదు. ఇంటర్వ్యూలో వేసిన అంచనా తర్వాతి పనితీరుతో ఎంత సరిపోతుందో, పాల్ సాకెట్ అనే పరిశోధకుడి బృందం దశాబ్దాల పరిశోధనలన్నీ కలిపి 2022లో మళ్లీ లెక్క వేసింది. అంచనాకూ, తర్వాతి పనితీరుకూ ఏ పొంతనా లేకపోతే సున్నా, అచ్చుగుద్దినట్టు సరిపోతే ఒకటి. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసుకున్న కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూకు 0.42 వచ్చింది. ఎవరికి తోచింది వారు అడిగే ఇంటర్వ్యూకు 0.19. మనుషులు వాళ్లే, కుర్చీలు అవే, మారింది అడిగే పద్ధతి.

ఈ ‘తోచింది అడగడం’ మన దేశంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఉద్యోగం కేసు కాదు, కాలేజీ సీటు కేసు. శ్రీనగర్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీలో రాత పరీక్షకు 100 మార్కులు, ఇంటర్వ్యూకు 50. రాతలో బాగా వచ్చినవాళ్లు ఇంటర్వ్యూలో కొట్టుకుపోతే, వెనకబడినవాళ్లు ఎగిరి ముందుకొచ్చారు. ఒక్కొక్కరినీ రెండు మూడు నిమిషాలే కూర్చోబెట్టారని, తల్లిదండ్రులెవరు, ఎక్కడుంటారు లాంటివి తప్ప పనికొచ్చే ప్రశ్న అడగలేదని విద్యార్థులు మొరపెట్టుకున్నారు. అజయ్ హాసియా కేసుగా లా చదివినవారందరికీ తెలిసిన ఆ తీర్పును 1980 నవంబరులో జస్టిస్ పి.ఎన్. భగవతి రాశారు. ఇంటర్వ్యూకు మూడో వంతు మార్కులు అన్యాయమని, 15 శాతం దాటకూడదని అన్నారు. ఇంటర్వ్యూలను టేప్ రికార్డు చేస్తే మంచిదని కూడా సూచించారు. అప్పట్లోనే!

ప్రభుత్వాలు చివరికి వేరే దారి పట్టాయి. 2016 జనవరి 1 నుంచి కేంద్రం గ్రూప్-సి, గ్రూప్-డి, గెజిటెడ్ కాని గ్రూప్-బి పోస్టులకు ఇంటర్వ్యూలనే ఎత్తేసింది. తెలంగాణలో 2022 గ్రూప్-1 నోటిఫికేషన్ కూడా ఇంటర్వ్యూ లేకుండానే వచ్చింది. మొహం చూసి బొట్టు పెడతారన్న అనుమానం జనంలో అంతగా పాతుకుపోయింది మరి. ప్రైవేటు కంపెనీల్లో మనకు ఆ అవసరం రాలేదు, ఎందుకంటే మనల్ని అడిగేవాడు లేడు. రిజెక్ట్ అయినవారికి ‘వేరే ప్రొఫైల్స్‌తో ముందుకు వెళ్తున్నాం’ అన్న మెయిల్ ఒకటి పోతుంది. చాలాసార్లు అదీ పోదు.

ఆ శ్రీనగర్ ప్రశ్నలు నలభై ఏళ్లు దాటినా మన మీటింగ్ రూముల్లో హాయిగా బతుకుతున్నాయి. వరస మీకు తెలిసిందే.

“మీది ఏ ఊరండీ?”

“గుంటూరు దగ్గర సార్.”

“గుంటూరు దగ్గరంటే?”

ఊరి పేరు చెబుతాడు. “ఓహో, అక్కడ మావాళ్లున్నారు. నాన్నగారేం చేస్తారు?” అప్పటికీ తేలకపోతే రెజ్యూమెలో ఒక్క అక్షరంగా ఉన్న ఇంటిపేరు పూర్తిగా చెప్పమంటారు. ఇదంతా మాట కలపడానికేనని మనం అనుకుంటాం. ఎదుటి కుర్చీలో ఉన్నవారికి మాత్రం ఎందుకడుగుతున్నామో ఊరి పేరు దగ్గరే అర్థమైపోతుంది. తెలుగునాట పుట్టి అది తెలియదనడం మరీ అమాయకత్వం. సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ అనే సమాజశాస్త్రవేత్తలు ఢిల్లీలో 25 మంది హెచ్‌ఆర్ మేనేజర్లతో మాట్లాడి 2007లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఒక వ్యాసం రాశారు. మెరిట్ తప్ప మాకు ఇంకేదీ పట్టదని చెప్పిన మేనేజర్లే, ‘ఫ్యామిలీ బ్యాక్‌గ్రౌండ్’ అడగడం మామూలేనని, మంచి కుటుంబం నుంచి వచ్చినవాళ్లు పనిలో బాగుంటారని చెప్పారు. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరమూ లేదు.

అమ్మాయిలకైతే ఇంకో వరస. పెళ్లి సంబంధాలు చూస్తున్నారా? మీవారు ఎక్కడ చేస్తారు? బాబును ఎవరు చూసుకుంటారు? అదే బాబు తండ్రి ఇంటర్వ్యూకు వస్తే ఆ ప్రశ్న అడిగినవారిని నేను ఇంతవరకు చూడలేదు. ఉద్యోగంలోకి తీసుకునేటప్పుడు స్త్రీ పురుష వివక్ష కూడదని 1976 నాటి సమాన వేతన చట్టమే చెప్పింది, 2019 వేతనాల కోడ్‌లోనూ ఆ మాట ఉంది. హెచ్‌ఆర్ వారికి నేను చెప్పేదేముంది? ఆ ప్రశ్న వినపడగానే మధ్యలో కల్పించుకుని ఆపాల్సింది మీరే. మీరు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటున్నారు.

మూడో జల్లెడ ‘కమ్యూనికేషన్ వీక్’. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివి, పాలిటెక్నిక్ మీదుగా ఇంజినీరింగ్‌కు వచ్చిన కుర్రాడు ఇంగ్లిషులో వాక్యం కట్టడానికి రెండు క్షణాలు ఆగుతాడు. ఆ రెండు క్షణాల్లో మనం పెన్ను తీస్తాం. టీమ్ అంతా రోజూ కాసేపు చేరే మన స్టాండప్ మీటింగ్ ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. ‘అరే, ఆ బిల్డ్ ఎందుకు ఫెయిల్ అయింది రా?’ రోజంతా నడిచే భాష ఇది. క్లయింట్‌తో నేరుగా మాట్లాడే పోస్టయితే ఇంగ్లిషు చూడండి, తప్పు లేదు. కానీ సమయానికి సమస్య చెప్పడం, అవతలివారు చెప్పింది సరిగ్గా వినడం, మెయిల్‌లో నాలుగు లైన్లు స్పష్టంగా రాయడం, ఇవి ఉచ్చారణలో కనపడవు. ప్యానెల్లో తెలుగు వచ్చినవారుంటే, ‘ఆ సంఘటన తెలుగులో చెప్పండి, పర్లేదు’ అని ఒక్క మాట అనండి. అప్పటిదాకా ముక్తసరిగా మాట్లాడినవారు ఎలా విప్పి చెబుతారో మీరే చూస్తారు.

సరే, మరి ఏం అడగాలి?

అడగడానికి ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని దాదాపు ఎవరూ చేయరు. ఇంటర్వ్యూకు ఒకరోజు ముందు మన టీమ్ ఎలా ఉందో మనమే ఒక పేజీ రాసుకోవాలి. అందరూ మాట్లాడేవాళ్లే, రాసిపెట్టేవాడు ఒక్కడూ లేడా? క్లయింట్ అడిగిందల్లా తలూపి, రాత్రుళ్లు కూర్చుని పూర్తిచేసే బ్యాచా? అందరూ ఒకే కాలేజీ, ఒకే పాత కంపెనీ నుంచి వచ్చినవాళ్లా? అలాంటి చోటికి మనకు నచ్చిన ఇంకో మనిషిని తెస్తే ఉన్న లోటు ఇంకొంచెం పెరుగుతుంది. ఏ విషయమూ తెగేసి చెప్పని టీమ్‌కు, ‘ఈ డేట్‌కు ఇది కాదండీ’ అని మర్యాదగా చెప్పగల మనిషి కావాలి. అలాంటివారు ఇంటర్వ్యూలో కాస్త ఇబ్బంది పెడతారు. జీతం గురించి సూటిగా అడుగుతారు, మన ప్రశ్నలోనే తప్పు చూపిస్తారు. ‘యాటిట్యూడ్ ఉంది’ అని మనం కొట్టేసేది ఎక్కువగా వాళ్లనే.

ఇక ప్రశ్నలు. ‘ఇలా జరిగితే మీరేం చేస్తారు?’ అని అడిగితే పుస్తకంలో జవాబు వస్తుంది. అమీర్‌పేటలో మాక్ ఇంటర్వ్యూలు ఇచ్చి వచ్చినవారికి ఆ జవాబులు నోటికి వచ్చు. ‘నా బలహీనత పర్ఫెక్షన్’ అన్న మాట వినని ప్యానెల్ హైదరాబాద్‌లో ఉండదేమో. అందుకే జరిగినదాని గురించి అడగాలి, అదీ పక్కవాళ్లు తప్పనిసరిగా వచ్చే సంఘటన గురించి. నేను ఎక్కువగా వాడేవి మూడు. ప్రొడక్షన్‌లో పెద్ద సమస్య వచ్చిన రోజు ఒకటి చెప్పండి, ఎవరెవరు ఏం చేశారు? మీకు ఇష్టంలేని నిర్ణయం టీమ్ తీసుకున్నాక ఆ మర్నాటి నుంచి మీరేం చేశారు? మీ దగ్గర పని నేర్చుకున్నవారు ఎవరు, వాళ్లు ఇప్పుడు మీరు లేకుండా ఏం చేయగలుగుతున్నారు?

మొదటి ప్రశ్నకు ఒకే వారం విన్న రెండు జవాబులు చెబుతాను, వివరాలు కాస్త మార్చి. ఒకాయన కథ భలే రక్తి కట్టించాడు. రాత్రి రెండింటికి ఫోన్ వచ్చింది, సర్వర్లు పడిపోయాయి, తనే లాగిన్ అయి గంటలో నిలబెట్టాడు. కారణమేంటని అడిగితే, “టెస్టింగ్ టీమ్ సరిగ్గా చూడలేదు సార్.” ఆ తర్వాత ఏం మారిందని అడిగితే, “వాళ్లకు ఎస్కలేట్ చేశాం.” టెస్టర్ వైపు నుంచి ఏం జరిగిందని అడిగితే జవాబు లేదు, ఆ ప్రశ్న ఆయనకు ఎప్పుడూ తట్టలేదు. ఇంకో అమ్మాయి చాలా నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ చెప్పింది. క్లయింట్ కాల్‌లో ఒక రూలు మారింది. డెవలపర్లు మార్చుకున్నారు, ఆ కాల్‌లో టెస్టర్ లేదు, ఆమెకు ఎవరూ చెప్పలేదు. పాత రూలు ప్రకారమే ఆమె పాస్ చేసింది. “ఆ తర్వాత రిక్వైర్‌మెంట్ కాల్స్‌కి ఆవిడను కూడా పిలవడం మొదలుపెట్టాం అండీ. మొదట్లో లీడ్ ఒప్పుకోలేదు, టైమ్ వేస్ట్ అన్నారు.” లీడ్‌ను ఎలా ఒప్పించారని అడిగితే, పాత బగ్‌లలో ఇలాంటివి ఏరి ఒక షీట్‌లో పెట్టి చూపించానంది. ఆ కథలో హీరోలు లేరు. కానీ ఆ అమ్మాయి వెళ్లిన చోట పక్కవాళ్ల పని తేలికవుతుందని అర్థమవుతోంది కదా. డిబ్రీఫ్‌లో మొదటాయనకు ‘ఓనర్‌షిప్’ అని, రెండో ఆమెకు ‘ఎనర్జీ తక్కువ’ అని వచ్చింది. చాలాసేపు వాదించాల్సి వచ్చింది.

‘నేను, నేను’ అనేవాడు స్వార్థపరుడు, ‘మేము’ అనేవాడు టీమ్ మనిషి అని ఒక చిట్కా చలామణిలో ఉంది. దాన్ని నమ్మకండి. మన ఇళ్లలో పెద్దల ముందు ‘నేను చేశాను’ అనడం గొప్పలు పోవడంగా చూస్తారు. కాబట్టి ఒంటిచేత్తో చేసినదాన్ని కూడా ‘చేశాం సార్’ అనేవారు బోలెడుమంది. అప్పుడు ‘అందులో మీ చేతి పని ఏది?’ అని అడగాలి. ఆ తర్వాత ‘ఎవరు కాదన్నారు? అప్పుడేమైంది?’ అని లోపలికి వెళ్లాలి. బట్టీ పట్టిన కథ రెండో ప్రశ్నకో మూడో ప్రశ్నకో చెదిరిపోతుంది. జరిగిన కథలో అడిగిన కొద్దీ మనుషులు, తేదీలు, చిన్నచిన్న చికాకులు బయటికి వస్తూనే ఉంటాయి.

తప్పుల గురించి అడిగేటప్పుడు ఇంకో జాగ్రత్త కావాలి. ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి టీమ్‌లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, అలాంటి చోటే ఎక్కువ నమోదై కనిపించాయి. అక్కడివాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చేసినవి దాచకుండా చెప్పుకుంటున్నారని ఆమెకు తర్వాత తోచింది. కాబట్టి అభ్యర్థి తన తప్పులు రెండు మూడు చెప్పగానే రెడ్ మార్కు పెట్టేయకండి. ఆ తప్పు మిగతావారికి ఎలా తెలిసిందో అడగండి. తనే చెప్పాడా, ఎవరైనా పట్టుకున్నారా? మన టీమ్‌లో రేపు ఒక బగ్ కనిపిస్తే అతను నోరు విప్పుతాడో లేదో అక్కడ తెలుస్తుంది.

ప్యానెల్లో ఎవరు కూర్చోవాలన్నది కూడా ఆలోచించాలి. కొత్తగా వచ్చే సీనియర్ వల్ల ఎక్కువ లాభమో నష్టమో పొందేది టీమ్‌లో చిన్నవాళ్లు. ప్యానెల్లో వాళ్లు ఉండరు. ఒక జూనియర్‌ను కూర్చోబెట్టి, ఆ అమ్మాయి రాసిన కోడ్‌నే తెర మీద పెట్టి, ‘దీన్ని ఆమెకు రివ్యూ చేసి చెప్పండి’ అని సీనియర్ అభ్యర్థిని అడిగి చూడండి. అభ్యర్థి ఆమె వైపు చూసి మాట్లాడతాడా, మేనేజర్ వైపు చూసి మాట్లాడతాడా? ఇలా ఎందుకు రాశావని అడుగుతాడా, తప్పుల చిట్టా చదువుతాడా? ఆ పదిహేను నిమిషాల్లో తెలిసేది నా గంట ఇంటర్వ్యూలో నాకు ఎప్పుడూ తెలియలేదు. అలాగే బయటి టీమ్ నుంచి ఒకరు ఉండాలి. అమెజాన్‌లో 1999 నుంచి ‘బార్ రైజర్’ పేరుతో ఈ పద్ధతి ఉంది. పోస్టు ఖాళీగా ఉందన్న తొందర లేని వేరే టీమ్ మనిషి ప్యానెల్లో కూర్చుంటారు, వద్దంటే ఆ మాటకు విలువ ఉంటుంది. మన దగ్గర ఆ తొందర సంగతి చెప్పక్కర్లేదు. తొంభై రోజుల నోటీస్ పీరియడ్, చేతిలో మూడు ఆఫర్లు, జాయినింగ్ రోజు ఫోన్ స్విచాఫ్. విసిగిపోయిన మేనేజర్ ఎవరో ఒకరు వస్తే చాలనుకుంటాడు.

డిబ్రీఫ్‌కు ముందు ఎవరి నోట్స్ వారు రాసి పంపేయాలి, ఆ కాల్‌లో పెద్దాయన ఆఖరున మాట్లాడాలి. డైరెక్టర్ గారు ‘నాకు నచ్చాడబ్బా’ అన్నాక జూనియర్ నోట అభ్యంతరం వస్తుందని ఎలా అనుకుంటాం?

ఇంటర్వ్యూలో పట్టుకోలేనిది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరుకుతుందన్న ధీమా కూడా వద్దు. అక్కడ చూసేది రిలీవింగ్ లెటర్, పేస్లిప్పులు, పీఎఫ్ సర్వీస్ వివరాలు. పాత కంపెనీ హెచ్‌ఆర్ చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా చెప్పి ఊరుకుంటుంది. రెఫరెన్సుగా ఇచ్చిన పేరు చాలావరకు స్నేహితుడిదే. ఆ స్నేహితుడికి ఫోన్ చేసినా ‘ఎలాంటివాడు?’ అని అడిగితే ‘బంగారం’ అంటాడు. ‘ఏ పని ఇతనికి ఇస్తే మీరు దగ్గరుండి చూసుకునేవారు?’ అని అడిగితే, ఎంత స్నేహితుడైనా ఒక క్షణం ఆలోచించి ఏదో ఒకటి చెబుతాడు.

ఇంత చేసినా కొన్నిసార్లు లెక్క తప్పుతుంది. దానికి కారణం వచ్చిన మనిషే కానక్కర్లేదు. రాత్రంతా మేలుకుని మంటలార్పినవాడికే అవార్డు ఇచ్చి, మంట రాకుండా చూసినవాడి పేరు కూడా గుర్తుపెట్టుకోని చోట, ఎంత మంచివాడైనా ఏడాది తిరిగేసరికి ఒంటరి వీరుడవుతాడు. బెల్ కర్వ్ పెట్టి, నీ పక్కవాడికి మంచి రేటింగ్ వస్తే నీకు తగ్గుతుందని చెప్పి, ఇంటర్వ్యూలో సహకారం గురించి అడగడం మన దగ్గరే చెల్లింది. ఇది ప్యానెల్ చేతిలో లేదని నాకు తెలుసు. అప్రైజల్ మీటింగ్‌లో కూర్చునేది కూడా మనలో చాలామందిమే కాబట్టి చెబుతున్నాను.

హెచ్‌ఆర్ వారికి నా విన్నపం చిన్నది. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ‘కల్చర్ ఫిట్: ఎస్/నో’ అన్న గడి తీసేయండి. దాని బదులు రెండు ఖాళీలు పెట్టండి: అభ్యర్థి చెప్పిన సంఘటన ఏమిటి, దాన్నిబట్టి మన టీమ్‌లో ఏది మారుతుందని మీ అంచనా? మొదటి ఖాళీ నింపకపోతే ఫారం సబ్మిట్ కాకూడదు. ఏడాది తర్వాత ఆ అంచనాలు తీసి, వచ్చినవారి పక్కన కూర్చుని పనిచేసినవాళ్లను అడిగి సరిచూడండి. ఎవరి అంచనాలు నిలుస్తున్నాయో, ఎవరివి గాల్లో దీపాలో అప్పుడు తెలుస్తుంది. అన్నేళ్ల అనుభవం ఉందనేవారికీ అది ఉపయోగమే.

మేనేజర్లకు ఇంకొక్కటి. చివర్లో ‘మీరేమైనా అడుగుతారా?’ అని అభ్యర్థికి ఇచ్చే ఐదు నిమిషాల్లో, ‘ఈ టీమ్ నుంచి ఈమధ్య మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?’ అని ఎవరైనా అడిగితే నవ్వి దాటేయకండి, యాటిట్యూడ్ అని రాయకండి. ఉన్నది చెప్పండి. మీరు చెప్పలేని పరిస్థితి ఉంటే, టీమ్‌లో ఒకరిద్దరి నంబర్లు వాళ్లను అడిగి ఇవ్వండి, మీరు లేకుండా మాట్లాడుకోనివ్వండి. వచ్చే మనిషి కూడా తొంభై రోజుల నోటీసు ఇచ్చి, ఉన్న ఉద్యోగం వదులుకుని వస్తున్నాడు.

ఇట్లు,
మీతో పాటే ప్యానెల్లో కూర్చునే ఒక ఇంజినీర్,
హైదరాబాద్